భూషణం పేరు కొట్టిన గిన్నెలు

సోమవారం, ఉక్కపోత

రోజూ ఏం జరిగిందో రాసి పంపాలని ఆఫీసు వాళ్ళ హుకుం. ఆఫీసు ఉన్నది గట్టుకి అవతల, సముద్రం మీద, పడవలో సగం పూట ప్రయాణం. అక్కడ కూర్చుని మా గట్టూరు సంగతులు చదివేది ఎవరో నాకు తెలీదు. చదువుతారన్న నమ్మకమూ లేదు. అయినా రాస్తున్నాను. నా పేరు సత్యవేణి. ఊరి గిన్నెల గది బాధ్యత నాది.

పొద్దున్నే తలుపు తీసి కడవమ్మని లేపాను. కడవమ్మ అంటే గిన్నెలు కడిగే మిషను. ఆఫీసు వాళ్ళు దానికి పెట్టిన పేరు పలికేసరికి అన్నం చల్లారిపోతుంది, అందుకని ఊళ్ళో అందరూ కడవమ్మ అనే అంటారు. జనం వాడిన గిన్నెలు తెచ్చి దాని కిటికీలో పెడతారు. అది తూకం చూసుకుని, ఖాళీ గిన్నె అయితే లోపలికి లాక్కుని, ఆవిరి పట్టి, రెండోవైపు బయటికి తోస్తుంది. నేను బుట్టల్లో సర్ది కర్రీ పాయింటుకి పంపిస్తాను. మళ్ళీ అక్కణ్ణుంచి ఇళ్ళకి.

మా ఇళ్ళకొచ్చే ఎండ కరెంటు ఒక కుక్కరు అన్నానికి సరిపోతుంది. కూరకి చాలదు. అందుకని ఊరంతా అన్నం ఇంట్లో వండుకుని, పప్పూ కూరా పులుసూ భూషణం గారి కర్రీ పాయింటు నుంచి మూత గిన్నెల్లో తెచ్చుకుంటుంది. ప్లాస్టిక్ కవరన్నది గట్టు దాటి లోపలికి రాకూడదని ఊరి కట్టుబాటు.

ఇవాళ రావలసిన గిన్నెలు చాలా రాలేదు. పొద్దెక్కకుండానే భూషణం గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏవమ్మా సత్యవేణీ, పప్పు దించేసి కూర్చున్నానండి. దోసిట్లో పోసి పంపమంటారా ఏంటి జనాన్ని?"

ఆయనకి కోపం వస్తే నన్ను కూడా అండీ అంటారు. రేపటికి వస్తాయిలెండి అని సర్ది పంపాను.

బుధవారం, ఉక్కపోత

రేపటికి రాలేదు. ఇవాళా రాలేదు. ఉన్న గిన్నెలు తగ్గిపోతున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎందుకంటే పోయిన నెల దాకా ఈ గొడవే లేదు. గిన్నెలన్నీ ఏ పేరూ లేకుండా, ఆఫీసు ముద్రతో ఉండేవి. పొద్దున వెళ్ళినవి సాయంత్రానికి తిరిగొచ్చేవి. అప్పుడున్న గొడవల్లా ఒక్కటే. రేవు దగ్గర చేపల పులుసు అంగడికి వెళ్ళిన గిన్నెలు ఇటొచ్చి భూషణం గారి పప్పులో కలిసేవి. కడవమ్మ ఎంత ఆవిరి పట్టినా ఆయన ముక్కుకి వాసన తెలిసిపోయేది. ఆయన పట్టింపు మనిషి. చేపల గిన్నెలో పప్పు పొయ్యనని గరిటె కింద పడేసేవారు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మన ఇళ్ళలో స్టీలు సామాను మీద పేర్లు కొట్టిస్తాం కదా, అలా ఈ గిన్నెల మీద కూడా 'భూషణం' అని కొట్టిస్తే ఎవరివి వాళ్ళకి పోతాయి అనుకున్నాను. పేర్లు కొట్టే మిషను ఊళ్ళోనే ఉంది. భూషణం గారి కొట్టుకి వెళ్ళే గిన్నెలన్నిటి మీదా చుక్క చుక్కగా పేరు పడింది. ఆఫీసు నుంచి శభాష్ అని కబురు కూడా వచ్చింది. ఆ శభాష్ కాగితం గోడకి అతికించుకున్నాను. ఇప్పుడు చూస్తే నవ్వొస్తోంది.

సాయంత్రం ఇంకో కబురొచ్చింది, శభాష్ లేకుండా. గిన్నెలు సగానికి పడిపోయాయి గనక వచ్చే పడవలో పార్సిలు సంచులు పంపుతారట. ఒక్కసారి వాడి పారేసేవి. నీళ్ళలో కరిగిపోతాయి, భయం లేదు అని రాశారు.

అవి కరిగేది వేడినీళ్ళలో. మా మురుగు చల్లగా ఉంటుంది.

మా ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంది. చుట్టూ గట్టు. కురిసిన వానా, పారిన మురుగూ అంతా దిగువ వీధి చివర ఉన్న గోతిలోకి చేరుతుంది. అక్కడి పంపు ఆ నీళ్ళని ఎత్తి గట్టు అవతల సముద్రంలో పోస్తుంది. ఆ పంపు నడిపేది మా ఆయన వీర్రాజు. కిందటేడు ఇలాగే కొన్నాళ్ళు సంచులు వచ్చాయి. ఓ పెద్ద వానకి అవన్నీ కొట్టుకొచ్చి, ఇనుప జాలీలోంచి దూరి పంపు రెక్కలకి చుట్టుకున్నాయి. పంపు ఆగితే ఊరు మునుగుతుంది. నడుముకి తాడు కట్టుకుని, కొడవలి పట్టుకుని గోతిలోకి దిగాడు. సంచులు కోస్తుండగా నీరు పెరిగింది, తాడు జారింది. దిగువ వీధి వాళ్ళు గాలం వేసి లాగితే పైకొచ్చాడు. ఊపిరితిత్తుల్లోకి ఆ మురుగు పోయింది. ఇప్పటికీ మెట్లెక్కితే ఆగి ఆగి దగ్గుతాడు. ఇంకోసారి దిగితే పైకి రాడు. డాక్టరు ఇలా చెప్పలేదు, నేను చెబుతున్నాను.

సంచుల సంగతి చెబితే అన్నం కలుపుకుంటూ అన్నాడు, "వత్తే రానీ. దిగాల్సొత్తే దిగుతాను. ఊరు ములిగిపోతంటే గట్టు మీద కూర్చోమంటావేంటి?"

"కూర్చోమనే అంటున్నాను."

"ఊరుకోవే," అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. నేను మాత్రం చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

వానలు దగ్గర్లోనే ఉన్నాయి.

గురువారం, మబ్బు

గిన్నెలు ఎవరు దాచారో చూద్దామని వీధిలోకి బయల్దేరాను. చేతిలో ఖాళీ బుట్ట, నోటినిండా తిట్లు.

మొదట మాణిక్యమ్మ పిన్ని ఇల్లు. ఒంటి మనిషి. ఎవరితోనూ పేచీ పెట్టుకోదు. వెళ్ళేసరికి వంటింటి బల్ల మీద భూషణం పేరు కొట్టిన గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. చింతపండేసి తోమినట్టుంది, కడవమ్మ కడిగినవాటి కన్నా తళతళలాడుతున్నాయి.

"పిన్నీ, ఇవన్నీ ఇక్కడ పెట్టుకుని కూర్చున్నావేంటి? ఊరు గిన్నెల్లేక గోలెత్తిపోతోంది."

"ఇచ్చేత్తానే. మిద్దె మీద దొండపాదు ఇప్పుడే పూతకొచ్చింది. కాసిని కాయలు రానీ."

"కాయలకీ గిన్నెలకీ ఏంటి సంబంధం?"

నన్ను వింతగా చూసింది. "వొట్టి గిన్నె ఎలా ఇత్తానే? భూషణం గారి పేరుంది కదా దాని మీద. ఆయన గిన్నెలో మనం తిని, ఖాళీగా మొహాన పడెయ్యమంటావా?"

అప్పటికి గానీ నాకు తెలియలేదు. ఆఫీసు ముద్ర ఉన్నన్నాళ్ళూ అవి ఆఫీసు గిన్నెలు. ఆఫీసుకి ఖాళీ గిన్నె ఇచ్చినా తప్పులేదు, ఆఫీసేమీ అనుకోదు. పేరు పడగానే అవి ఒక మనిషివి అయిపోయాయి. ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెని ఖాళీగా ఏ ఆడదీ తిరిగి పంపదు. ఇంత పంచదారైనా, నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపుతుంది. ఏమీ లేకపోతే ఉన్నప్పుడే పంపుదామని ఆగుతుంది. నేనైనా అంతే.

తర్వాతి ఇల్లు, ఆ తర్వాతి ఇల్లు. అందరిదీ ఒకే మాట. ఒకరు ఉసిరికాయ ఊరేదాకా అన్నారు. ఒకరు నిమ్మచెట్టు వైపు చూపించారు. ఒకాయన, "ఏదో ఒకటి పెట్టిద్దామని మా ఆవిడతో అంటూనే ఉన్నానండాయ్," అని సిగ్గుపడ్డాడు. దొంగల్ని పట్టుకుందామని వెళ్ళాను. దొరికినవాళ్ళందరూ మర్యాదస్థులు.

ఖాళీ బుట్టతోనే తిరిగొచ్చాను.

శుక్రవారం, మబ్బు

మైకులో చాటింపు వేయించాను. గిన్నెలు ఖాళీగానే ఇవ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు అని. అందరూ అరుగుల మీద నిలబడి విన్నారు. బుద్ధిగా తలలూపారు. మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాలేదు.

మధ్యాహ్నం మాణిక్యమ్మ పిన్ని వచ్చింది, నా మాట కాదనలేక. కొంగు కింద దాచుకుని తెచ్చిన గిన్నె కడవమ్మ కిటికీలో పెట్టింది. కడవమ్మ తూకం చూసింది. ఎర్రదీపం వెలిగింది.

"పాత్రయందు పదార్థము కలదు. తిరస్కరించడమైనది."

గిన్నె బయటికి తోసేసింది. మూత పక్కకి జారింది. లోపల చిటికెడు పంచదార.

పిన్ని మొహం చిన్నబోయింది. వరసలో వెనక ఉన్న ఇద్దరు ముగ్గురు చూశారు. సర్దేద్దామని నేను పంచదార నా చేతిలోకి ఒంపుకుని, "ఇదిగో పిన్నీ, ఇప్పుడు పెట్టు," అన్నాను. అది ఇంకా పెద్ద తప్పయింది.

"పెట్టిన పంచదార తీసేత్తారేంటే ఎవరైనా?" అంది. గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. వెనక వచ్చినవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. వాళ్ళ గిన్నెల్లో కూడా ఏదో ఉందన్నమాట.

ఆఫీసుకి కబురు పెట్టాను. తూకం పట్టింపు తీసెయ్యండి, కొంచెం పంచదార ఉన్నా తీసుకునేలా చెయ్యండి అని. శుభ్రత నిబంధన ప్రకారం కుదరదన్నారు. సంచుల పడవ మంగళవారం బయల్దేరుతుందట. దాని వెంట సుదీప్తి అనే అధికారి వస్తారట, గిన్నెలు చూసుకోవడానికి.

ఇవాళ పొద్దుటి నుంచీ వీర్రాజు కొడవలికి పదును పెట్టుకుంటున్నాడు. ఆ చప్పుడు వినలేక వాకిట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

శనివారం, చినుకులు

భూషణం గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన పేరే గనక ఆయన చెబితే వింటారనుకున్నాను.

"నా గిన్నెలు ఖాళీగా తెచ్చి పడెయ్యండని నా నోటితో నేను చెప్పాలా?" అన్నారు గరిటె పైకెత్తి. "ఇన్నేళ్ళుగా వండుతున్నానండి. డబ్బిచ్చారు, పట్టుకెళ్ళారు. నాకని ఇంత పంచదార పెట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు పెడతామంటే వద్దనమంటారు మీరు."

ఆయనకి లోపల్లోపల సంతోషంగా ఉందని అర్థమైంది. నాకు ఇంకా మండింది.

"మీ పంచదార కోసం మా ఆయన గోతిలోకి దిగాలా?" అని అరిచాను. కొట్లో భోంచేస్తున్నవాళ్ళు తలెత్తారు. కళ్ళనీళ్ళొచ్చాయి. దాచుకోలేదు.

ఆయన గరిటె దించేశారు. తర్వాత, ఎటు చూడాలో తెలియక కాబోలు, పక్కనున్న అల్మరా తెరిచి ఒక పాత గిన్నె తీశారు. దాని మీద 'మాణిక్యం' అని ఉంది. పిన్ని ఎప్పుడో అమ్మకానికని గోంగూర పచ్చడి పంపిన గిన్నెట. మరచిపోయి అక్కడే ఉంచేశారట.

"పోతూ పోతూ ఇది ఆవిడకిచ్చెయ్యండి. నిన్న బాధపడిందంట కదా," అని, ఒక్క క్షణం ఆలోచించకుండా దాన్నిండా వంకాయ కూర పెట్టి మూత వేశారు.

గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వేడిగా ఉంది.

"ఇందులో కూరెందుకు పెట్టారండీ?"

"ఆవిడ గిన్నెండి! ఖాళీగా ఎలా పంపుతాం?"

"అందరి గిన్నెలూ ఇలా వాళ్ళ వాళ్ళ పేర్లతోనే మీ దగ్గరకి వస్తే?"

"వస్తే ఏవుంది, నింపి పంపుతాను. నా పనే అది కదా," అన్నారు. అని, ఆయనే ఆగారు. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

పట్టింపు మనిషి కదా, వెంటనే ఆయనకో అనుమానం వచ్చింది. "మరి ఇళ్ళలో చేపలు తిన్న గిన్నెలు?"

"గరిటె ఎత్తి పొయ్యండి. తగలకుండా."

ఆయన గరిటె ఎత్తి, గాల్లోంచి పోసి చూసుకున్నారు. ఒక్క చుక్క కింద పడలేదు.

ఆదివారం, చినుకులు

ఆఫీసుని అడగలేదు. అడిగితే వద్దంటారు. గిన్నెలు ఆఫీసు ఆస్తి, వాటి మీద ఇళ్ళవాళ్ళ పేర్లు కొట్టి ఇచ్చెయ్యడం నా ఉద్యోగం మీదికి తెస్తుందని తెలుసు. తెలిసే చేస్తున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా చదువుతుంటే చదువుకోండి.

పేర్లు కొట్టే మిషను బండి మీద పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. 'భూషణం' మీద ఒక గీత, కింద ఆ ఇంటి పేరు. గదిలో మిగిలిన గిన్నెలు కూడా తక్కువైన ఇళ్ళకి పంచేశాను. ఇక ఈ గిన్నె మీది, కూరకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళండి, ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు అని చెప్పాను. మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఎవరి పేరు కొట్టాలన్న దగ్గర మాత్రం ఇంటింటికీ ఓ రామరావణ యుద్ధం. మొగుడి పేరా, పెళ్ళాం పేరా? ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు తెగక చెరో గిన్నె తీసుకున్నారు. ఒకావిడ పిల్లి పేరు కొట్టమంది. కొట్టాను. నాకేం పోయింది?

మాణిక్యమ్మ పిన్ని వంకాయ కూర అప్పటికే తినేసింది. నా మీద అలక పోయింది. తన దగ్గరున్న గిన్నెలన్నిటి మీదా 'మాణిక్యం' కొట్టించుకుంది.

మంగళవారం, ఈదురుగాలి

పడవ వచ్చింది. సుదీప్తి గారు చిన్నదే, ముప్పై దాటవు. గాలికి జుట్టంతా చెదిరిపోయి, పడవ ఊపుకి మొహం పాలిపోయి ఉంది. నేరుగా గిన్నెల గదికొచ్చింది. అరలన్నీ ఖాళీ. కడవమ్మ నిద్రపోతోంది.

"ఒక్క గిన్నె కూడా లేదేంటండీ?"

"ఇళ్ళలో ఉన్నాయి."

"రిటర్న్ రావా?"

"రావు. ఇచ్చేశాను."

ఆవిడ కోప్పడలేదు. దానికే ఎక్కువ భయం వేసింది. "మీరేం చేశారో మీకు తెలుసా? గదిలో గిన్నెలు లేకపోతే సంచులు దించడం తప్ప నాకు వేరే దారి లేదండీ. జనానికి తిండి అందాలి కదా," అంది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు.

"దించండి," అన్నాను. "తీసుకునేవాళ్ళుంటే ఇవ్వండి."

సంచుల కట్ట కర్రీ పాయింటు బల్ల మీద పెట్టించి, ఆవిడ పక్కన నిలబడింది. నేను ఇంకో పక్క. భోజనాల వేళకి జనం వరస కట్టారు. అందరి చేతుల్లోనూ వాళ్ళ వాళ్ళ గిన్నె. భూషణం గారు పేరు చదవడం, నవ్వడం, గరిటె ఎత్తి పోయడం. సంచి వైపు ఎవరూ చూడలేదు. తమ పేరున్న గిన్నె చేతిలో ఉండగా సంచిలో పప్పు పోయించుకునేవాడెవడు? ఒకాయన గిన్నె మరిచిపోయి వచ్చాడు. నా చూపు సంచుల కట్ట మీదకి పోయింది. ఆయన బల్ల దాకా వచ్చి, సంచిని చూసి, వెనకున్నతన్ని చూసి, "మీది రెండో గిన్నె ఇద్దురూ, రేపు ఏదో ఒకటి పెట్టి పంపుతాను," అన్నాడు.

వరస ఖాళీ అయ్యింది. కట్ట విప్పలేదు. అప్పుడు సుదీప్తి గారు మెల్లగా అడిగింది, "నాక్కూడా కొంచెం పప్పు ఇస్తారా? పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. పడవలో తింటాను."

భూషణం గారు గరిటె ముంచి, ఆవిడ చేతుల వైపు చూశారు. చేతులు ఖాళీ. బల్ల మీద సంచులున్నాయి, ఆవిడ తెచ్చినవే. ఆవిడ వాటి వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు.

పిన్ని ముందుకొచ్చి తన గిన్నె ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది. "ఇంద, ఇందులో పోయించుకో అమ్మా. మళ్ళీ పంపుదువుగాని."

సాయంత్రం పడవలో సంచుల కట్ట తిరిగి ఎక్కింది. దాని పక్కన ఒళ్ళో గిన్నె పెట్టుకుని సుదీప్తి గారు. ఏ నిర్ణయమూ చెప్పకుండానే వెళ్ళింది.

శుక్రవారం, మబ్బు

నిర్ణయం వచ్చింది. గట్టూరుకి సంచులు పంపరు. గిన్నెల గది మూసెయ్యాలి. కడవమ్మని పడవెక్కించాలి. ఆస్తి దుర్వినియోగానికి సత్యవేణిని ఉద్యోగంలోంచి తీసేశారు. రేపటితో ఈ రాత కూడా ఆపెయ్యాలట.

ఉద్యోగం పోయినందుకు బాధగా ఉంది. అబద్ధమెందుకు? ఆ గది తాళం నా నడుముకి అలవాటైపోయింది. కడవమ్మ కూడా, తిట్టుకున్నా, నా మనిషే.

పిన్ని గిన్నె ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. అడిగితే పిన్ని నవ్వింది. "తొందరేంటే? మంచిపిల్ల. ఖాళీగా పంపలేక ఆగినట్టుంది."

శనివారం, వాన

ఇది ఆఖరిది. ఇవాళ పెద్దవాన. పొద్దున్నుంచీ ఆగలేదు. పంపు చప్పుడు మా ఇంటి దాకా వినిపిస్తూనే ఉంది. మధ్యలో ఆగుతుందేమోనని చెవి అటే పెట్టుకుని ఉన్నాను. ఆగలేదు.

మధ్యాహ్నం కర్రీ పాయింటు వరసలో నిలబడి, మా గిన్నెలో పప్పుచారు పోయించుకుని, అన్నంతో పాటు పంపు దగ్గరకి పట్టుకెళ్ళాను. వీర్రాజు గోతి అంచున రేకు కింద కూర్చున్నాడు. ఎదురుగా ఇనుప జాలీ. దానికి ఆకులు, ఒక కొబ్బరి డొక్క, ఎవరిదో తెగిన చెప్పు పట్టుకుని ఉన్నాయి. ఇంకేమీ లేవు. చీపురుతో తోస్తే పోతున్నాయి. కొడవలి గోడకి వేలాడుతోంది.

అతని చొక్కా పట్టుకుని చూశాను. పొడిగా ఉంది.

"ఏంటే, అలా తడుముతావు?" అన్నాడు.

ఏడుపొచ్చింది. వానలో వచ్చాను కదా, తెలియలేదనుకుంటా. అన్నం తిని, చూరు నీళ్ళతో గిన్నె కడిగి, నా చేతికిచ్చాడు. మా ఇంటి గిన్నె కదా, ఖాళీగానే పట్టుకొచ్చాను.